ఏ మంటకు ఏ సిలిండరు? అపార్ట్‌మెంటుకు ఎక్స్‌టింగ్విషర్ల ఎంపికపై సలహా కావాలి

వర్తూరు నివాసి:

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో వర్తూరు దగ్గర ఒక అపార్ట్‌మెంటు సముదాయంలో ఉంటున్నాము. ఈ ఏడాది నివాసుల సంఘం కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. మా భవనంలోని మంటలార్పే సిలిండర్లలో చాలావాటికి గడువు తీరిపోయింది. కొత్తవి కొనడానికి ఒక సరఫరాదారుని ధరలు అడిగితే, మెట్ల దగ్గర, జనరేటరు గదిలో, లిఫ్టు యంత్రాల గదిలో, క్లబ్‌హౌస్ వంటగదిలో, నేలమాళిగలో ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ చేసే చోట, అన్నిచోట్లా నాలుగు కిలోల ఏబీసీ పౌడరు సిలిండర్లే పెట్టుకోమని, అవి అన్ని రకాల మంటలకూ పనికొస్తాయని రాసి పంపారు. అన్నిచోట్లా ఒకటే రకమైతే రీఫిల్లింగ్ సులువని మా కమిటీలో కొందరు ఒప్పుకున్నారు. వందకు పైగా కుటుంబాలున్న చోట ఇంత తేలికగా నిర్ణయించడం నాకు సమ్మతంగా లేదు. ఈ రంగం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరా?

భద్రతా ఇంజనీరు, ఎలక్ట్రానిక్ సిటీ:

మీ సందేహం సరైనదే. సిలిండరు సంగతి తరువాత చూద్దాము. ముందుగా ఒక్కొక్క చోట అంటుకోగలిగిన వస్తువు ఏమిటో రాసుకోండి. మంట నిలవడానికి ఇంధనం, వేడి, ఆక్సిజన్, వాటి మధ్య తెగకుండా సాగే రసాయన చర్య కావాలి. నీరు వేడిని లాగేస్తుంది, నురుగు ఇంధనానికీ గాలికీ మధ్య పొరగా నిలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది, పౌడరు ముఖ్యంగా ఆ రసాయన చర్యను తెంచుతుంది. ఏ ఇంధనానికి వీటిలో ఏది చాలుతుందన్న దాన్ని బట్టే తరగతులు ఏర్పడ్డాయి.

మన దేశంలో పాటించే వర్గీకరణలో ఏ తరగతి అంటే కట్టె, కాగితం, బట్ట, పరుపు వంటి ఘనపదార్థాలు. బీ తరగతి అంటే పెట్రోలు, డీజిలు, పెయింటు, థిన్నరు వంటి ద్రవాలు. సీ అంటే వాయువులు. డీ అంటే మెగ్నీషియం, సోడియం వంటి లోహాలు. మరిగే వంటనూనెకు ఎఫ్ అని వేరే తరగతి ఉంది. విద్యుత్తు ఇంధనం కాదు కనుక దానికి ఇందులో ప్రత్యేక అక్షరం లేదు. సిలిండరును కరెంటు ఉన్న పరికరాల మీద వాడవచ్చో లేదో లేబులు మీద విడిగా రాసి ఉంటుంది. అంతర్జాలంలో దొరికే వీడియోలలో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడి పద్ధతిలో సీ అక్షరం విద్యుత్ పరికరాలకు, కే అక్షరం వంటనూనెకు వర్తిస్తాయి. ఆ వీడియోలు చూసి ఇక్కడి లేబులు చదివితే పొరపాటు పడే ప్రమాదం ఉంది.

ఇక ఏబీసీ పౌడరు సంగతి. అందులో ప్రధాన పదార్థం మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. అది వేడికి కరిగి, మండుతున్న కట్టె మీదా బట్ట మీదా జిగట పూతగా అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. సోడియం బైకార్బనేట్‌తో చేసే బీసీ పౌడరుకు ఈ గుణం లేదు. అందువల్ల మెట్ల దగ్గర, నడవాలలో, కార్లు నిలిపే చోట ఏబీసీ పౌడరు మంచి ఎంపిక. మీ సరఫరాదారు అంతవరకు తప్పు చెప్పలేదు. అయితే మీరు చెప్పిన మిగతా చోట్లలో కొన్నింటికి అది రెండో శ్రేణి ఎంపిక, వంటగదికైతే సరిపోని ఎంపిక.

జనరేటరు గదిలో ప్రమాదం డీజిలుతో. అక్కడ పౌడరుతో పాటు తొమ్మిది లీటర్ల నురుగు సిలిండరు ఒకటి ఉంచండి. పౌడరు మంటను చప్పున పడగొడుతుంది కానీ, వేడెక్కిన ఇనుము పక్కన డీజిలు ఇంకా ఒలికి ఉంటే మళ్లీ అంటుకుంటుంది. నురుగు పొర ఆ ద్రవాన్ని కప్పి ఉంచుతుంది. నురుగులో నీరు ఉంటుంది కాబట్టి జనరేటరు ఆపి, కరెంటు తీసేశాకే వాడాలి.

లిఫ్టు యంత్రాల గదికి, విద్యుత్ ప్యానెళ్లకు కార్బన్ డయాక్సైడ్ నాలుగున్నర కిలోలది సరిపోతుంది. అది కరెంటును ప్రసరింపజేయదు, వెనుక మరక కూడా మిగల్చదు. అయితే చిన్న గదిలో జాగ్రత్త అవసరం. నాలుగున్నర కిలోల ద్రవం బయటికి వస్తే సుమారు 2.4 ఘనమీటర్ల వాయువు అవుతుంది. పన్నెండు ఘనమీటర్ల ఇరుకు గదిలో మొత్తం వదిలితే గాలిలో దాదాపు ఐదో వంతు అదే ఉంటుంది. పది శాతం దాటిన గాలి పీల్చితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. అందుకని గుమ్మంలో నిలబడి వదలాలి, వెంటనే బయటికి వచ్చి తలుపు మూయాలి, గాలి మారే దాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. గొట్టం చివర ఉండే నల్లటి బూరను చేత్తో పట్టుకోకూడదన్న సంగతి కూడా కాపలాదారులకు చెప్పండి. అక్కడ చలి సున్నాకు దిగువన డెబ్భై ఎనిమిది డిగ్రీల దాకా పోతుంది, చర్మం కాలినట్టు దెబ్బ తింటుంది.

కోరమంగళ మెస్సు:

వంటగది విషయం వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను కోరమంగళలో ఆంధ్ర భోజనం మెస్సు నడుపుతున్నాను. గారెలు, బజ్జీలు, చేపల వేపుడు, అప్పడాలు రోజూ వేయిస్తాము కాబట్టి పెద్ద బాండీలలో నూనె పొద్దంతా మరుగుతూనే ఉంటుంది. మాకూ ఒకప్పుడు గోడకు ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి తగిలించి, ఇంతే చాలని చెప్పి వెళ్లారు. మాకు తెలిసిన ఇంకొక వంటశాలలో బాండీ అంటుకున్నప్పుడు పౌడరు కొట్టారు. మంట పోయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కాసేపటికి అదే నూనె దానంతట అదే మళ్లీ భగ్గుమంది. అప్పటికి సిలిండరు ఖాళీ అయిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు కానీ పైనున్న పొగగొట్టం మొత్తం కాలిపోయింది. పౌడరు మంటను ఆర్పిన తరువాత కూడా నూనె ఎందుకు అంటుకుంటుందో ఇంజనీరు గారు వివరిస్తే నా వంటవాళ్లకు చదివి వినిపిస్తాను.

భద్రతా ఇంజనీరు, ఎలక్ట్రానిక్ సిటీ:

మెస్సు గారూ, మీరు చెప్పినది సరిగ్గా ఎఫ్ తరగతి ఎందుకు పుట్టిందో చెప్పే సంఘటన. వంటనూనె పొయ్యి మీద కాగి కాగి సుమారు మూడు వందల నలభై డిగ్రీలు దాటిన తరువాత అంటుకోవడానికి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, గాలి తగిలితే చాలు. పెద్ద బాండీలో పది పదిహేను లీటర్ల నూనె దాచుకున్న వేడి చాలా ఎక్కువ. పౌడరు ఆ వేడిని తీసేయదు. పొడి మేఘం చెదిరిపోగానే నూనె ఇంకా తనంత తాను అంటుకునే వేడిలోనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌తోనూ అదే జరుగుతుంది. పైగా ఆ రెండింటి జోరైన ధార దగ్గరి నుంచి తగిలితే మండుతున్న నూనె వంటవాడి మీదికే చిమ్ముతుంది.

దీనికి తగినది వెట్ కెమికల్ సిలిండరు. అందులో పొటాషియం అసిటేట్ వంటి లవణాల ద్రావణం ఉంటుంది. దానికి పొడవైన కర్ర లాంటి గొట్టం ఉండటం వల్ల దూరంగా నిలబడి సన్నని తుంపరగా మెల్లగా చల్లవచ్చు. ఆ ద్రావణం వేడి నూనెతో కలిసినప్పుడు సబ్బు తయారీలో జరిగే చర్యే జరిగి, పైన చిక్కని నురుగు పొర కడుతుంది. ఆ పొర ఆవిరిని అడ్డుకుంటుంది, అందులోని నీరు నూనెను చల్లారుస్తుంది. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు. నీరు ఆవిరైతే సుమారు పదిహేడు వందల రెట్లు వ్యాకోచిస్తుంది. నూనె అడుగుకు చేరిన చెంబెడు నీళ్లు ఆవిరై మండుతున్న నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి.

మీ వంటవాళ్లకు సిలిండరు కంటే ముందు చెప్పవలసినది పొయ్యి ఆపడం. బర్నరు మండుతున్నంత సేపు పైన ఏది చల్లినా ప్రయోజనం అంతంతమాత్రమే. గ్యాసు ఆపే వాల్వు పొయ్యికి దూరంగా, గుమ్మం దగ్గర కూడా ఒకటి ఉండేలా పైపులైను వేయించుకోండి. పొగగొట్టం లోపల పేరుకున్న జిడ్డును క్రమం తప్పక తీయించండి. ఎన్ని సిలిండర్లు ఉన్నా గొట్టం లోపలికి పాకిన మంటను కింద నిలబడి అందుకోలేము.

రామమూర్తినగర్ గృహిణి:

పెద్ద వంటశాలల గురించి బాగా చెప్పారు. మా వంటి ఇళ్ల సంగతి అడుగుతాను. మా ఇంట్లో నేనూ, డెబ్భై దాటిన మా అత్తగారూ పగలంతా ఉంటాము. నాలుగు కిలోల సిలిండరును లాగి పిన్ను తీయడం ఆమె వల్ల కాదు. ఇంటికి ఎంత పరిమాణం సరిపోతుంది? అన్నిటికంటే నాకు గ్యాసు బండ అంటేనే భయం. రెగ్యులేటరు దగ్గర మంట వస్తే దాని మీద పౌడరు కొట్టవచ్చా? పౌడరు మీద ఏబీసీ అని రాసి ఉంది, సీ అంటే వాయువు అని ఇప్పుడే చదివాను.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి:

అమ్మా, మీ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. నా ఉద్యోగ జీవితమంతా అగ్నిమాపక శాఖలోనే గడిచింది.

గ్యాసు మంటను పౌడరు ఆర్పగలదు, అందులో సందేహం లేదు. ఆర్పిన తరువాత గ్యాసు ఆగిందా లేదా అన్నదే అసలు విషయం. మంట పోయి గ్యాసు మాత్రం వస్తూనే ఉంటే, గాలి కంటే బరువైన ఎల్‌పీజీ నేల వెంబడి గదంతా పరుచుకుంటుంది. అప్పుడు ఫ్రిజ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ఇంటి గోడలు కూలే పేలుడు జరుగుతుంది. అందువల్ల మొదట రెగ్యులేటరు నాబు తిప్పి గ్యాసు ఆపండి. రబ్బరు గొట్టం దగ్గర మంట అయితే అంతటితోనే ఆరిపోతుంది. నాబు దగ్గరే చిన్న మంట ఉంటే తడి గోనె లేదా దళసరి తడి బట్టతో చేతిని కాపాడుకుంటూ తిప్పండి. మంట వల్ల చెయ్యి పెట్టలేకపోతున్నప్పుడు, ఆర్పిన మరుక్షణమే నాబు తిప్పగల మనిషి పక్కన సిద్ధంగా ఉంటేనే పౌడరు వాడండి. గ్యాసు ఆపడం మీ వల్ల కాదనిపిస్తే మంటను ఆర్పకుండా వదిలేసి, అత్తగారిని తీసుకుని బయటికి వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. బయట మండుతున్న గ్యాసు కంటే గదిలో మండకుండా నిండిన గ్యాసు ఎక్కువ ప్రమాదకరం.

మంట లేకుండా వాసన మాత్రమే వస్తే ఏ సిలిండరుతోనూ పని లేదు. స్విచ్చి వేయకండి, తీయకండి. కిటికీలు, తలుపులు తెరిచి, బండను ఆపి, బయటికి వచ్చాక 1906కు ఫోను చేయండి. అది గ్యాసు లీకులకు ప్రత్యేకంగా పెట్టిన సహాయ సంఖ్య. పైపు గ్యాసు ఉన్న ఇళ్లలో వచ్చేది ప్రధానంగా మీథేను. అది గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు వైపు చేరుతుంది. అందుకే ఆ ఇళ్లలో పై వెంటిలేటరు మూయకూడదు.

పరిమాణం విషయానికి వస్తే, ఇంటికి రెండు కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు ఎంచుకోండి. అది వంటగది లోపల వద్దు. మంటను దాటుకుని అందుకోవలసిన చోట ఉన్న సిలిండరు లేనట్టే లెక్క. వంటగది నుంచి వీధి గుమ్మానికి వెళ్లే దారిలో, అత్తగారి చేతికి అందే ఎత్తులో తగిలించండి. వంటగది లోపల గుమ్మం పక్కన ఒక ఫైర్ బ్లాంకెట్ వేలాడదీయండి. అది గాజునారతో నేసిన దుప్పటి. ఇంటి మూకుడులో నూనె అంటుకుంటే పొయ్యి ఆపి, ఆ దుప్పటినో సరిపడే మూతనో మన వైపు నుంచి అవతలికి మెల్లగా కప్పి, పూర్తిగా చల్లారే దాకా తీయకుండా ఉంచాలి. పెద్దవారికి సిలిండరు కంటే ఇది సులువు. ఒంటి మీద చీర అంటుకున్నా ఇదే దుప్పటి చుట్టవచ్చు.

సర్వర్ గది సాంకేతికుడు:

మా కార్యాలయం మారతహళ్లిలో ఉంది. పౌడరు గురించి ఒక మాట చేర్చాలి. ఫాస్ఫేట్ పౌడరు తేమను పీల్చుకుని ఆమ్లంగా మారి చిప్పుల లోహపు కాళ్లను, సర్క్యూట్ బోర్డులను తినేస్తుంది. ఒక మూల చిన్న మంటకు పౌడరు కొడితే, మంట తాకని యంత్రాలు కూడా పాడవుతాయి. సీసీ కెమెరాల రికార్డరు, ఇంటర్‌కామ్ పరికరాలు, లిఫ్టు కంట్రోలరు ఉన్న గదులకు కార్బన్ డయాక్సైడ్ గానీ, క్లీన్ ఏజెంట్ అంటే వెనుక పొడి, మరక మిగల్చని రసాయనం నింపిన సిలిండరు గానీ మేలు. మునుపు ఈ పనికి హాలాన్ వాడేవారు. అది ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని తయారీని క్రమంగా ఆపేశారు. ఇప్పుడు హెచ్ఎఫ్‌సీ 236ఎఫ్ఏ, ఎఫ్‌కే 5-1-12 వంటివి దొరుకుతున్నాయి. ధర ఎక్కువే. మీ అపార్ట్‌మెంటుకు కార్బన్ డయాక్సైడ్ చాలునని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. మెయిన్ స్విచ్చి తీసినంత మాత్రాన యూపీఎస్, ఇన్వర్టరు పరికరాలలో కరెంటు పోదు. బ్యాటరీ వైపు తీగ కూడా వేరు చేసేదాకా దాన్ని కరెంటు ఉన్న పరికరంగానే చూడాలి.

వర్తూరు నివాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నాకు మిగిలిన పెద్ద సందేహం నేలమాళిగలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి. వాటికోసం ప్రత్యేకంగా లిథియం సిలిండరు అని ఒకటి ఉందని ఒకరు, లిథియం లోహం కనుక డీ తరగతి పౌడరు కొనాలని మరొకరు, ఏబీసీ పౌడరే చాలని సరఫరాదారు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు:

డీ తరగతి అన్న మాటను ముందు పక్కన పెట్టవచ్చు. ఫోన్లలో, స్కూటర్లలో వాడేది లిథియం అయాన్ బ్యాటరీ. అందులో లిథియం విడి లోహపు ముద్దగా ఉండదు, సమ్మేళనాల రూపంలో ఉంటుంది. అక్కడ మండేది ప్రధానంగా లోపలి సేంద్రియ ద్రావణి, ప్లాస్టిక్కు, గ్రాఫైటు. ఒక సెల్లు దెబ్బతిని లోపల వేడెక్కితే ఆ వేడికి మరింత వేడి పుట్టించే చర్యలు మొదలవుతాయి. అది పక్క సెల్లును, ఆ పక్క సెల్లు దాని పక్కదాన్ని వేడెక్కిస్తుంది. ఈ వేడి లోపలే పుడుతుంది కాబట్టి బయట ఆక్సిజన్‌ను అడ్డుకున్నా ఆగదు. వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. మంట కనిపించక తెల్లటి ఆవిరి మాత్రమే గుప్పుమంటున్నా అది కూడా అంటుకుని పేలగలిగినదే.

భద్రతా ఇంజనీరు, ఎలక్ట్రానిక్ సిటీ:

నేను నేలమాళిగకు ఆరు కిలోల పౌడరు సూచించాలనుకున్నాను. స్కూటరు పక్కనున్న సీటు, ప్లాస్టిక్కు, పక్క వాహనాల పెట్రోలు అంటుకోకుండా అది ఆపుతుంది. ఆ కొద్ది సమయం మనుషులు తప్పించుకోవడానికి విలువైనది.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి:

ఇంజనీరు గారి మాటతో సగం ఏకీభవిస్తాను. పక్క వాహనాలకు పౌడరు ఉండనివ్వండి. అయితే బ్యాటరీ విషయంలో పౌడరు మీద ఆశ పెట్టుకోవద్దు. పైకి కనిపించే మంట పడిపోగానే జనం దగ్గరికి వెళ్లి చూస్తారు, లోపల వేడి తగ్గలేదు కాబట్టి అది మళ్లీ లేస్తుంది. కొన్ని బ్యాటరీలు గంటల తరువాత, మరునాడు కూడా తిరిగి అంటుకుంటాయి. దానికి కావలసింది చల్లదనం, అంటే నీరు, అదీ ఎక్కువసేపు. చేతిలో పట్టుకునే ఏ సిలిండరులోనూ అంత నీరు ఉండదు. మీ నేలమాళిగలో గోడకు చుట్టి ఉండే హోస్ రీల్ పని చేస్తోందా, దానికి నీటి ఒత్తిడి వస్తోందా అని ముందు చూడండి. కరెంటు సరఫరా తీసేశాక, దూరంగా, వెనుక దారి తెరిచి ఉన్నప్పుడే ఆ నీటిని వాడాలి. పొగ కమ్ముకుంటే వదిలేసి రావాలి. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలలో కొన్ని వందల వోల్టులు ఉంటాయి, వాటి జోలికి నివాసులు వెళ్లనే వద్దు, అది మా శాఖ పని.

సెల్‌ఫోను, పవర్‌బ్యాంకు వంటి చిన్నవాటికి పక్కనున్న బకెట్టు నీళ్లు పోసి, ఆరాక కూడా ఇంటి బయట ఖాళీ స్థలంలో ఉంచండి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటలు కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పొగ పైకి వ్యాపించి ఎనిమిది మంది చనిపోయారు. మన ఊళ్లోనే 2010 ఫిబ్రవరి 23న పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో కొందరు పొగ తట్టుకోలేక పై అంతస్తుల కిటికీల నుంచి దూకినవారు. ఈ రెండు చోట్లా మనుషుల మీదికి ముందు వచ్చినది పొగ. కాబట్టి కార్యదర్శి గారూ, చార్జింగ్ స్థలాన్ని మెట్ల మొదటికీ లిఫ్టు గుమ్మానికీ దూరంగా మార్చండి. వీలైతే నేలమాళిగ నుంచి పైకి, గాలి ఆడే ఆరుబయటికి తెండి. ఏ సిలిండరు కొనాలన్న ప్రశ్న కంటే దీనికి ముందు మీ కమిటీ సమయం కేటాయించాలి. మెట్ల తలుపులు తమంత తాము మూసుకునేలా ఉండాలి, వాటికి తాళం ఉండకూడదు.

పీణ్య వర్క్‌షాపు:

డీ తరగతి మాట వచ్చింది కాబట్టి నాదొక ప్రశ్న. పీణ్యలో మాది చిన్న మెషీన్ షాపు. మెగ్నీషియం మిశ్రమ లోహపు భాగాలు కోస్తాము, సన్నని పొట్టు కుప్పలుగా పడుతుంది. తనిఖీకి వచ్చినవారు ఇసుక బకెట్లు పెట్టమన్నారు. అవి చాలునా?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు:

మీ చోట తప్పు సిలిండరు వాడితే సిలిండరు లేకపోవడం కంటే ఎక్కువ నష్టం. మండుతున్న మెగ్నీషియం మీద నీరు పడితే హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొడితే ఆ వాయువులోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుని మెగ్నీషియం మండుతూనే ఉంటుంది. ఏబీసీ పౌడరు దాని ముందు నిలవదు, పైగా జోరైన ధారకు నిప్పుకణికలైన పొట్టు షాపంతా ఎగిరి పడుతుంది. సోడియం క్లోరైడ్ ఆధారంగా చేసిన డీ తరగతి పౌడరు కొనండి. దాని గొట్టం చివర వేగాన్ని తగ్గించే అమరిక ఉంటుంది. పొడిని కుప్ప మీద మెత్తగా పరిచి, మందంగా కప్పి, కదపకుండా వదిలేయాలి.

ఇసుక పనికొస్తుంది, అయితే పూర్తిగా పొడిగా ఉండాలి. ఆరుబయట మూత లేకుండా ఉంచిన ఎర్ర బకెట్లు మన ఊరి వానలకు తడిసి ఉంటాయి. తడి ఇసుక మెగ్నీషియం మీద నీటితో సమానం. బకెట్లకు బిగుతైన మూతలు పెట్టి షెడ్డు లోపల ఉంచండి. పొట్టును రోజూ తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో విడిగా వేయండి, నూనె గుడ్డలతో కలపకండి. ఆ విభాగం గోడ మీద ఇక్కడ నీరు, కార్బన్ డయాక్సైడ్ వాడరాదని కన్నడంలోనూ, మీ పనివారు చదవగల ఇతర భాషలలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి.

మా కళాశాల ప్రయోగశాలలో సోడియం ముక్కల విషయంలోనూ ఇదే నియమం. ఆల్కహాలు, అసిటోన్ నిల్వల దగ్గర మరొక చిక్కు ఉంది. అవి నీటిలో కలిసిపోతాయి కాబట్టి మామూలు నురుగు పొరను విరిచేస్తాయి. వాటికి ఆల్కహాలును తట్టుకునే నురుగు అని లేబులు మీద రాసి ఉన్నదే కొనాలి.

వర్తూరు నివాసి:

మా సంఘం సమావేశంలో చెప్పవలసినదంతా ఇప్పుడు నా చేతిలో ఉంది. చివరిగా, కొనేటప్పుడు లేబులు మీద ఏమి చూడాలి, కొన్న తరువాత ఎలా కాపాడుకోవాలి?

భద్రతా ఇంజనీరు, ఎలక్ట్రానిక్ సిటీ:

సిలిండరు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15683 అన్న సంఖ్య ఉండాలి. ఏ, బీ అక్షరాల ముందు అంకెలు ఉంటాయి. అంకె పెద్దదైతే ఆ సిలిండరు పరీక్షలో అంత పెద్ద మంటను ఆర్పిందని అర్థం. ఒకే బరువున్న రెండు కంపెనీల పౌడరు సిలిండర్లకు వేర్వేరు అంకెలు ఉండవచ్చు, ఫాస్ఫేటు శాతం యాభై ఉన్నదానికీ తొంభై ఉన్నదానికీ తేడా ఉంటుంది. ధరల పట్టికలో కిలోలు మాత్రమే రాస్తే ఒప్పుకోకుండా ఈ అంకెలు కూడా రాయించుకోండి.

ఎంపిక, అమరిక, నిర్వహణలకు ఐఎస్ 2190 అనే ప్రమాణం ఉంది. మనిషి పదిహేను మీటర్లకు మించి నడవకుండా సిలిండరు అందాలన్నది అందులోని ప్రధాన సూత్రం. పౌడరు సిలిండర్లకు మూడేళ్లకు ఒకసారి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకు ఐదేళ్లకు ఒకసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. పౌడరు సిలిండరు ఆయుష్షు పదేళ్లు, కార్బన్ డయాక్సైడ్‌ది పదిహేనేళ్లు. పౌడరుదానికి ఒత్తిడి ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో నెలకొకసారి చూడండి. కార్బన్ డయాక్సైడ్‌దానికి ముల్లు ఉండదు, తూకమే ఆధారం. లోపలి వాయువు బరువులో పది శాతానికి మించి తగ్గితే నింపించాలి. ఉక్కు గోడ మందం వల్ల ఆ సిలిండరు మొత్తం బరువు లోపలి వాయువుకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది, దాన్ని మోయగల కాపలాదారు ఏ షిఫ్టులో ఉంటారో కూడా చూసుకోండి.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి:

రీఫిల్లింగ్ మీ కళ్ల ముందు చేయించండి. పైన కొత్త చీటీ, లోపల గడ్డకట్టిన పాత పౌడరు ఉన్న సిలిండర్లు నేను చాలా చూశాను. ఒకసారి కొద్దిగా నొక్కి వదిలిన పౌడరు సిలిండరును తిరిగి గోడకు తగిలించకండి. వాల్వులో చిక్కుకున్న రేణువుల వల్ల ఒత్తిడి మెల్లగా జారిపోయి, కొద్ది రోజులకే పనికి రాకుండా పోతుంది.

గడువు తీరిన పాతవాటిని సరఫరాదారుకు ఇచ్చేయకముందు, బాగా ఉన్నవాటిని ఏరి శిక్షణకు వాడండి. తుప్పు పట్టినవి, సొట్టలు పడినవి మాత్రం ముట్టవద్దు. మా శాఖ స్థానిక కేంద్రానికి లేఖ రాస్తే సిబ్బంది వచ్చి చూపిస్తారు. పిన్ను లాగడం, మంట అడుగు భాగానికి గురిపెట్టడం, పిడి నొక్కడం, ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పుతూ చల్లడం చెప్పగా విన్నవారికీ చేతితో చేసినవారికీ చాలా తేడా ఉంటుంది. చిన్న సిలిండరు పది పదిహేను సెకన్లకు మించి రాదు. మొదటిసారి పట్టుకున్నవారు ఆ కాలాన్ని మంట కొసలకు గురిపెట్టి పోగొట్టుకుంటారు. ఇల్లాళ్లనూ, ఇళ్లలో పనిచేసేవారినీ, రాత్రి కాపలాదారులనూ తప్పక పిలవండి.

రామమూర్తినగర్ గృహిణి:

పెద్దాయన గారూ, ఆ పౌడరు పిల్లల ముక్కులోకి వెళితే ప్రమాదమా? ఇంట్లో వాడితే తరువాత ఎలా శుభ్రం చేయాలి?

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి:

విషం కాదమ్మా. గొంతు, కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువ. శిక్షణ సమయంలో పిల్లలను గాలి వచ్చే వైపు, వెనుకగా నిలబెట్టండి. ఇంట్లో వాడితే కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు పొడిగానే ఊడ్చి ఎత్తేయండి, ఆ తరువాతే తడి గుడ్డతో తుడవండి. ఫ్రిజ్, మిక్సీ వంటివాటి లోపలికి పొడి వెళితే ప్లగ్గు తీసి, మెకానిక్కు చూసేదాకా కరెంటు పెట్టకండి. వంటగదిలో మూత లేకుండా ఉన్న తినుబండారాలు పారేయండి.

వర్తూరు నివాసి:

మెట్ల దగ్గరకు, కార్ల చోటికి ఏబీసీ పౌడరు, జనరేటరు గదికి దానితో పాటు నురుగు, ప్యానెళ్ల గదులకు కార్బన్ డయాక్సైడ్, క్లబ్‌హౌస్ వంటగదికి వెట్ కెమికల్ అని విడివిడిగా, అంకెలతో సహా ధరలు రాసి పంపమని సరఫరాదారుకు ఈ రోజే లేఖ పంపాను. చార్జింగ్ పాయింట్లను వెనుక గేటు దగ్గరి ఆరుబయటికి మార్చే ప్రతిపాదన వచ్చే సమావేశం అజెండాలో మొదటి అంశంగా పెట్టాము. హోస్ రీల్ తెరిచి చూస్తే మూడో గోడ దగ్గరిదానికి నీరు రాలేదు, ప్లంబరును పిలిపించాను.